రెండూ ఎందుకంటే ఏం చెబుతావు చెల్లీ?

ఇంజనీరింగ్ చదువుతూ మెడిసిన్ మీద మనసు పడ్డ చెల్లెళ్ళు నాకు చాలామంది తెలుసు. డాలస్‌లో ఉన్నారు, అట్లాంటాలో ఉన్నారు. న్యూజెర్సీలో అయితే ఏ తెలుగు పెళ్ళికెళ్ళినా భోజనాల దగ్గర ఒక పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంటుంది. "అక్కా, ఒక మాట అడగనా? నేను బయోమెడికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. ఎండీ-పీహెచ్‌డీకి పెడదామనుకుంటున్నా. మాలాంటివాళ్ళకి వస్తుందా?" అని గొంతు తగ్గించి అడుగుతుంది. రెండు కుర్చీల అవతల అమ్మ ఉంటుంది మరి, అమ్మకి ఇంకా చెప్పలేదు.

పప్పూ నెయ్యీ కలుపుకుంటూ పావుగంటలో తేల్చుకునే సంగతి కాదు కదా ఇది. అందుకే ఈసారి ముచ్చట మీకోసమే పెట్టాను. నేనూ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఈ దారిలో వచ్చినదాన్నే. తీరిగ్గా మాట్లాడుకుందాం.

మన అమ్మానాన్నలు చదువుకున్న రోజుల్లో పదో తరగతి అయ్యీ అవగానే దారి రెండుగా చీలిపోయేది. ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరు, బైపీసీ తీసుకుంటే డాక్టరు. ఒకసారి అటు వెళ్ళాక ఇటు రావడమంటూ ఉండేది కాదు. ఇప్పటికీ అక్కడ ఇంజనీరు డాక్టరు కావాలంటే నీట్ రాసి, ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాల్సిందే. కాబట్టి "ఇంజనీరింగ్ చదివి డాక్టరేమిటే?" అని అమ్మ ఆశ్చర్యపోతే ఆవిడ్ని ఏమీ అనకు. అమెరికాలో పద్ధతి వేరు. ఇక్కడ మెడికల్ స్కూల్లో చేరేది డిగ్రీ అయ్యాక. ఆ డిగ్రీ ఎందులో చేశావన్నది వాళ్ళకి ముఖ్యం కాదు. సంగీతంలో చేసినా, మెకానికల్‌లో చేసినా, వాళ్ళడిగిన సైన్సు కోర్సులు పూర్తిచేసి ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నీ దరఖాస్తు చూస్తారు.

ఎండీ-పీహెచ్‌డీ అంటే ఏమిటో అమ్మకి చెప్పడానికి పనికొస్తుంది, క్లుప్తంగా చెబుతాను. మొదట ఏడాదిన్నరో రెండేళ్ళో మిగతా మెడికల్ విద్యార్థులతో కలిసి చదువుతావు. తర్వాత వాళ్ళు వార్డులకి వెళ్తారు, నువ్వు ల్యాబ్‌కి వెళ్తావు. అక్కడ మూడేళ్ళు పట్టచ్చు, ఐదేళ్ళూ పట్టచ్చు. థీసిస్ పూర్తిచేసి పీహెచ్‌డీతో మళ్ళీ వార్డుకి వచ్చేసరికి, నీతో చేరినవాళ్ళు రెసిడెంట్లుగా నీకు పని చెబుతూ ఉంటారు. మొత్తం ఏడు నుంచి తొమ్మిదేళ్ళు, సగటున ఎనిమిది. ఆ తర్వాత రెసిడెన్సీ. ఇలా రెండు చదువులూ కలిపి చెప్పడం 1956లో క్లీవ్‌లాండ్‌లో, ఇప్పుడు కేస్ వెస్టర్న్ రిజర్వ్ అని పిలిచే విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ దీనికోసం ప్రత్యేకంగా గ్రాంటు పెట్టింది. దాన్నే ఎంఎస్‌టీపీ అంటారు. అప్పుడు మూడు స్కూళ్ళతో మొదలైన ఆ గ్రాంటు ఇప్పుడు 50కి పైగా స్కూళ్ళకి అందుతోంది. గ్రాంటు లేకుండా సొంత డబ్బుతో నడిపేవాటిని కూడా కలుపుకుంటే వంద దాటతాయి.

ఎంఎస్‌టీపీలో ఫీజు కట్టక్కర్లేదు. పైగా ఊరిని బట్టి ఏటా 35 వేల నుంచి 45 వేల డాలర్ల దాకా చేతికిస్తారు. ఎండీ ఒక్కటే చదివి బయటికొచ్చే వాళ్ళలో అప్పుచేసినవాళ్ళ నెత్తిన సుమారు రెండు లక్షల డాలర్ల భారం ఉంటుంది. ఈ మాట వినగానే చాలామంది నాన్నల ముఖం వికసిస్తుంది. కానీ చెల్లీ, ఫీజు లేదని మాత్రం ఇటు రావద్దు. నువ్వు ల్యాబ్‌లో నాలుగేళ్ళు గడిపితే, నీ స్నేహితురాలు నీకంటే అన్నేళ్ళు ముందే డాక్టరుగా సంపాదించడం మొదలుపెడుతుంది. ఆ లెక్క వేస్తే అప్పు తీరిపోయి ఇంకా మిగులుతుంది. డబ్బు కోసమే వచ్చినవాళ్ళకి ఐదో ఏడాది వచ్చేసరికి చాలా బరువుగా ఉంటుంది, నా కళ్ళతో చూశాను.

మరి దేనికోసం రావాలి? ఇంటర్వ్యూలో ప్రతివాళ్ళూ అడిగేది, దరఖాస్తులో విడిగా ఒక వ్యాసమే రాయించుకునేది ఈ ప్రశ్న మీదే. రెండూ ఎందుకు? ఒకటి చాలదా?

ఇంజనీరింగ్ పిల్లల వ్యాసాలు నేను చాలా చదువుతుంటాను. ఎక్కువమంది ఇలా మొదలుపెడతారు: నాకు చిన్నప్పటి నుంచి యంత్రాలంటే ఇష్టం, మనుషులకి సేవ చెయ్యడమన్నా ఇష్టం, అందుకని రెండూ చదువుతాను. అందులో అబద్ధం లేదు. కానీ అది చదివిన ప్రొఫెసరుకి రెండూ ఎందుకో అర్థం కాదు. యంత్రాలంటే ఇష్టమైతే పీహెచ్‌డీ చేసి మంచి యంత్రాలు తయారుచెయ్యి, సేవ చెయ్యాలనుంటే ఎండీ చేసి రోగుల్ని చూసుకో అంటాడు. ఆ మాటకి నీ దగ్గర జవాబుండాలి.

జవాబు ఎలా ఉంటుందో చూపించడానికి ఒక వస్తువు తీసుకుంటాను. కరోనా రోజుల్లో మనమందరం కొన్నాం, వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు. దాని లోపల రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి ఎరుపు, సుమారు 660 నానోమీటర్లు. రెండోది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్, సుమారు 940. ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఈ రెండు కాంతుల్నీ వేరువేరుగా పీల్చుకుంటాయి. వేలికి ఇటు నుంచి వేసిన వెలుగు అటు ఎంత తేలిందో చూసి 97 అనో 92 అనో అంకె చూపిస్తుంది. మరి చర్మం, కండ, ఎముక కూడా వెలుగుని మింగుతాయి కదా, రక్తం వాటా ఎంతో దానికెలా తెలుసు? దీన్ని తేల్చింది తకువో అయోయాగి అనే జపాన్ ఇంజనీరు, 1970ల మొదట్లో. ఆయన అసలు చేస్తున్న పని వేరు. రక్తంలోకి రంగు ఎక్కించి, గుండె ఎంత రక్తాన్ని తోస్తోందో చెవి దగ్గర కొలవాలని చూస్తున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత వణికి కొలత పాడయ్యేది. ఆ వణుకుని తీసేద్దామని కూర్చున్నవాడు, తనకి కావలసింది ఆ వణుకులోనే ఉందని పట్టుకున్నాడు. కొట్టుకునేది ధమనిలో రక్తం ఒక్కటే. ఆ కొట్టుకునే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కదలకుండా ఉన్న చర్మం, ఎముక వాటంతటవే తప్పుకుంటాయి. సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుకున్న ఏ చెల్లెలికైనా ఇది విన్నాక మనసు పులకరిస్తుంది.

ఇక్కడి దాకా ఇంజనీరు కథ. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సంగతి బయటపెట్టారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్న రోగులకే అదే సమయంలో ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే ఎలా ఉందో చూశారు. నిజంగా ఆక్సిజన్ 88 కంటే కిందికి పడిపోయిన సందర్భాలు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. మూడు రెట్లు! చర్మం దానంతట అదే తప్పుకుంటుందన్న లెక్క చర్మం రంగు దగ్గరికొచ్చేసరికి పూర్తిగా నిలబడలేదన్నమాట. మన తెలుగువాళ్ళలో ఎంతమందిది చామనఛాయ, ఎంతమందిది నల్లటి రంగు, నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక వార్డులో నిలబడి చూడు. మంచం మీద ఒకాయన ఆయాసపడుతున్నాడు. అంకె 94 చూపిస్తోంది. డాక్టరు అంకెని నమ్మితే ఇంటికి పంపించేస్తుంది. కాంతి ఎలా ప్రయాణిస్తుందో తెలిసిన ఇంజనీరు ఎక్కడో ఉన్నాడు, ఆ మంచం పక్కన లేడు. ఆయాసం చూసి అంకె మీద అనుమానం రావాలి, అనుమానం వచ్చాక ఆ అంకె పుట్టే చోటికి వెళ్ళి తప్పెక్కడుందో వెతకగలగాలి. ఈ రెండూ ఒకే మనిషి చెయ్యగలిగితే ఎంత తేడా పడుతుందో చూశావా? రెండూ ఎందుకంటే జవాబు ఇలాంటి చోట దొరుకుతుంది. నీకు ఆక్సీమీటరే కానక్కర్లేదు, నీకు నిజంగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటి కావాలి. దాన్ని ఎదురుగా పెట్టుకుని నిన్ను నువ్వే అడుగు: ఎండీ లేకపోతే ఈ పని ఆగిపోతుందా? పీహెచ్‌డీ లేకపోతే ఆగిపోతుందా? రెండింటికీ అవునని వస్తే దరఖాస్తు పెట్టు. ఒకదానికి కాదని వస్తే, ఆ ఒక్క చదువూ ఆనందంగా చదువుకో. నాకు తెలిసిన మంచి ఇంజనీర్లు చాలామంది డాక్టర్లతో కలిసి గొప్ప పరికరాలు చేస్తున్నారు, వాళ్ళకి ఎండీ లేని లోటే లేదు.

ఇంజనీరింగ్ పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. మనకి నేర్పేది తయారు చెయ్యడం. చివరి ఏడాది ప్రాజెక్టుకి చిప్పు చేస్తాం, కృత్రిమ చెయ్యి చేస్తాం, ఎంత సన్నగా వచ్చిందో ఎంత వేగంగా పనిచేసిందో చెప్పి మార్కులు తెచ్చుకుంటాం. ఎండీ-పీహెచ్‌డీ కమిటీలో కూర్చునేవాళ్ళు చాలావరకు బయాలజీ మనుషులు. వాళ్ళు నీ చిప్పు చూసి ముచ్చటపడతారు, వెంటనే "దీంతో ఏం తెలుసుకుందామనుకున్నావు?" అంటారు. అక్కడ మన పిల్లలు తడబడతారు.

ఉదాహరణకి నువ్వు జెల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నావనుకో. ఈ జెల్ ఇంత గట్టిగా చెయ్యగలిగాను అనేది ఇంజనీరు మాట. అదే గట్టిదనం వల్ల కణం ప్రవర్తన మారుతుందా అని అడిగావనుకో, ఇక అది ప్రశ్న. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నే వేసి, మూలకణాలు మెదడులా మెత్తగా ఉన్న జెల్ మీద నాడీకణాల వైపు, ఎముకలా గట్టిగా ఉన్నదాని మీద ఎముక కణాల వైపు మొగ్గు చూపుతాయని తేల్చారు. జెల్ తయారీ అందులో సగమే. నువ్వు చేసిన పనిలో ఆ రెండో సగం ఏమిటో రాసుకో. రాయలేకపోతే మీ ప్రొఫెసరు దగ్గరికెళ్ళి అడుగు, ఆయన సంతోషిస్తారు.

ల్యాబ్‌లో ఎన్ని గంటలు పనిచేసి ఉండాలని అడుగుతుంటారు. గంటల లెక్కంటూ ఏమీ లేదు. పేపరు అచ్చవ్వాలనీ లేదు. ఒకే చోట ఏడాది, రెండేళ్ళు నిలబడి, ఆ పనిలో ఏది చెడిందో, ఎందుకు చెడిందో, తర్వాత ఏం చేశావో చెప్పగలగాలి. వేసవి సెలవుల్లో ప్రభుత్వ సైన్సు సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బిచ్చే ఆర్‌ఈయూ అనే పరిశోధన ప్రోగ్రాములుంటాయి, ఇంజనీరింగ్ పిల్లలకి అవి బాగా కలిసొస్తాయి. డిగ్రీ అయ్యాక ఏడాదో రెండేళ్ళో పూర్తిగా ల్యాబ్‌లో పనిచేసి అప్పుడు పెట్టేవాళ్ళు ఈ రోజుల్లో చాలా ఎక్కువ. "ఏడాది వృథా అయిపోతుంది" అని నాన్న అంటే నా మాటగా చెప్పు, వృథా కాదు. ఎక్కడెక్కడ పరిశోధన చేశావో అక్కడి పెద్దల దగ్గర్నుంచి ఉత్తరాలు కావాలి. రోజూ నీకు పని నేర్పింది పీహెచ్‌డీ విద్యార్థే కావచ్చు, కానీ సంతకం ప్రొఫెసరుది ఉండాలి. అందుకని ఆ ప్రొఫెసరుకి నీ ముఖం తెలిసేలా ముందునుంచీ చూసుకో.

ఇక మార్కులు. ఇక్కడ మనసు గట్టి చేసుకోవాలి. ఎండీ-పీహెచ్‌డీలో చేరేవాళ్ళ సగటు జీపీఏ 3.8 చుట్టుపక్కల ఉంటుంది. ఇంజనీరింగ్ కష్టం కాబట్టి రెండు పాయింట్లు కలపడం లాంటిది లేదు. పైగా దరఖాస్తులు తీసుకునే యామ్‌కాస్ వాళ్ళు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కుల్ని విడిగా ఒక సైన్సు జీపీఏగా లెక్కగడతారు. మనం ఒళ్ళు హూనం చేసుకుని చదివే థర్మోడైనమిక్స్, సర్క్యూట్లు, ఫ్లూయిడ్ మెకానిక్స్ ఇంజనీరింగ్ కింద లెక్కకొస్తాయి, సైన్సు కింద కాదు. మంచి మార్కులొచ్చినవాళ్ళకి ఇది బాధ, తక్కువొచ్చినవాళ్ళకి కాస్త ఊరట. ఒక కిటుకుంది. ఏ కోర్సు ఎందులో పడుతుందన్నది శాఖ పేరుని బట్టి కాదు, పాఠంలో ఎక్కువ భాగం ఏముందన్నదాన్ని బట్టి. బయోమెడికల్ శాఖలో చెప్పినా సగానికి పైగా బయాలజీయే అయితే దాన్ని బయాలజీగా చూపించుకోవచ్చు. సిలబస్సులు దాచిపెట్టుకో, అడిగితే చూపించడానికి పనికొస్తాయి.

బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఇవన్నీ ల్యాబ్‌తో సహా ఏడాదేసి, దాని మీద బయోకెమిస్ట్రీ. చాలా స్కూళ్ళు అడిగేవి ఇవి. బయోమెడికల్, కెమికల్ వాళ్ళకి కొన్ని ఎటూ వస్తాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్స్ చెల్లెళ్ళకి మాత్రం సెమిస్టర్లలో ఖాళీయే ఉండదు. ఆర్గానిక్ వేసవిలో చేసుకున్నవాళ్ళున్నారు, డిగ్రీ ఒక సెమిస్టర్ పొడిగించుకున్నవాళ్ళున్నారు. రెండూ తప్పేం కాదు. హైస్కూల్లో తెచ్చుకున్న ఏపీ క్రెడిట్లు కొన్ని మెడికల్ స్కూళ్ళు ఒప్పుకోవు, రెండో ఏడాదిలోనే చూసుకో. ఇంజనీరింగ్ మానెయ్యమని సలహా ఇచ్చే అడ్వైజర్లు తగులుతారు, నాకూ తగిలారు. చదువుతున్నది ఇష్టమైతే మానక్కర్లేదు.

ఎంక్యాట్ పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటాక బయటపడే పరీక్ష. 472 నుంచి 528 దాకా స్కోరు, ఎండీ-పీహెచ్‌డీలో చేరేవాళ్ళ సగటు 516 దగ్గర. ఫిజిక్స్ మనకి భయం లేదు. మన పిల్లల్ని ఇబ్బంది పెట్టేది చదివి అర్థం చేసుకునే భాగం, దాన్ని కార్స్ అంటారు. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు, తత్వశాస్త్రం మీదో చిత్రకళ మీదో ఉన్న పేరాలు చదివి, రాసినవాడి మనసులో ఏముందో పట్టుకోవాలి. సూత్రం ఉండదు, ప్రతిక్షేపించడానికి ఏమీ ఉండదు. దీనికి ఆఖరి రెండు నెలల్లో ప్రాక్టీసు పరీక్షలు రాస్తే సరిపోదు. ఏడాది ముందు నుంచి రోజూ ఏదో ఒక మంచి వ్యాసం చదవడం అలవాటు చేసుకో. రాత్రి పడుకునే ముందు ఫోను బదులు పుస్తకం.

రోగుల దగ్గర గడిపిన సమయం సంగతి. మన సంఘంలో డాక్టర్లకి కొదవలేదు, నాన్న స్నేహితుడి క్లినిక్‌లో వారం రోజులు నిలబడి చూడటం సులువు. చూడు, మంచిదే. కానీ అది చాలదు, పైగా అంకుల్ రాసిన ఉత్తరానికి పెద్ద విలువ ఉండదు. రోగికి నువ్వు ఏదో ఒకటి చేసిపెట్టే చోటికి వెళ్ళు. ఉచిత క్లినిక్, అవసానదశలో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పీస్, అంబులెన్సులో ఈఎంటీ పని, ఏదైనా సరే. వారానికి ఒక పూటైనా విడవకుండా వెళ్ళు. ల్యాబ్ బాగా ఉంది కదా అని దీన్ని నిర్లక్ష్యం చేసిన ఇంజనీరింగ్ పిల్లలకి మెడికల్ స్కూలు వైపు నుంచి కాదన్న సందర్భాలు ఉంటాయి. వాళ్ళకి కావలసింది డాక్టరు కూడా.

దరఖాస్తు మే నెలలో తెరుస్తారు, మే ఆఖరు, జూన్ మొదట్లో పంపించేయాలి. ఎండీ వాళ్ళందరూ రాసే వ్యాసం 5,300 అక్షరాలు. నువ్వు రెండు అదనంగా రాయాలి. రెండూ ఎందుకన్న వ్యాసానికి 3,000 అక్షరాలు, పరిశోధన వ్యాసానికి 10,000. అక్షరాలంటే ఖాళీలతో సహా, జాగ్రత్త. వేసవంతా స్కూళ్ళు విడిగా పంపే ప్రశ్నలు, సెప్టెంబరు నుంచి శీతాకాలం దాకా ఇంటర్వ్యూలు. ఇంట్లో ఇబ్బందిగా ఉంటే ఎంక్యాట్‌కీ దరఖాస్తుకీ ఫీజు రాయితీ ఉంది, అడగడానికి మొహమాటపడకు.

ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లో మనకి ఒక తేడా ఉంది. కొన్ని స్కూళ్ళలో పీహెచ్‌డీ బయాలజీ శాఖల్లోనే, ఇంజనీరింగ్‌లో చెయ్యడానికి వీలుండదు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపే హెచ్‌ఎస్‌టీ 1970 నుంచి ఉంది, ఇంజనీరింగ్ నేపథ్యం ఉన్నవాళ్ళకి అది పుట్టిల్లు. ఎమరీలో చేరినవాళ్ళు జార్జియా టెక్‌తో కలిసి నడుపుతున్న బయోమెడికల్ శాఖలో పీహెచ్‌డీ చెయ్యచ్చు. పిట్స్‌బర్గ్ వాళ్ళకి కార్నెగీ మెలన్ ఉంది. ఇల్లినాయ్‌లో ఇంజనీరింగ్ పునాదిగానే కార్ల్ ఇల్లినాయ్ అనే మెడికల్ కాలేజీ పెట్టి 2018లో మొదటి బ్యాచిని చేర్చుకున్నారు. ప్రతి చోటా మూడు సంగతులు కనుక్కో: ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్ళకి ఎన్నేళ్ళు పడుతోంది, మెడికల్ స్కూల్లో చదివిన కోర్సులు పీహెచ్‌డీ కోర్సుల కింద ఎన్ని చెల్లుతాయి. ఈ మూడోదాని వల్ల ఏడాది తేడా వచ్చినవాళ్ళు ఉన్నారు. డైరెక్టర్ని అడిగితే మంచి మాటే చెబుతారు. అక్కడి విద్యార్థుల్ని అడుగు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే మాట చెప్పాలి. ఎన్‌ఐహెచ్ గ్రాంటు డబ్బు అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి మాత్రమే. నాలుగేళ్ళ వయసులో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చి, ఇక్కడే అఆలు మరిచి ఏబీసీలు నేర్చి, హైస్కూల్లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మన హెచ్-4 పిల్లలు దీనికి అర్హులు కారు. నాన్న గ్రీన్‌కార్డు వరస ఎక్కడుందో ఎవరికీ తెలియదు, 21 నిండగానే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. ఇందులో ఆ పిల్లల తప్పేముంది? సొంత నిధులతో విదేశీ విద్యార్థుల్ని తీసుకునే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. మీ జాబితా వాటితో మొదలవ్వాలి, ప్రతి స్కూలుకీ ముందే ఈమెయిలు రాసి తెలుసుకోండి. హైదరాబాదులోనో విజయవాడలోనో బీటెక్ చదువుతూ ఇది చదువుతున్న చెల్లెళ్ళకి కూడా చెబుతున్నా. ఇక్కడి మెడికల్ స్కూళ్ళు చాలావరకు అమెరికాలోనో కెనడాలోనో కొంత చదివి ఉండాలంటాయి. మీకు బయోమెడికల్ పీహెచ్‌డీ తలుపు తెరిచే ఉంది, దానికి జీతం ఇస్తారు, అక్కడి నుంచే డాక్టర్ల పక్కన కూర్చుని పనిచెయ్యచ్చు.

అమ్మకి ఎలా చెప్పాలంటావా? "ఎనిమిదేళ్ళా? మరి పెళ్ళెప్పుడే?" అని తప్పకుండా అంటుంది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు" అని నాన్న అంటారు. కోపం తెచ్చుకోకు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వాళ్ళకి తెలుసు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వచ్చి 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. డాక్టరు, పరిశోధకుడు ఆయనలో ఒక్కరే. అమ్మమ్మ కీళ్ళవాతానికి ఇప్పటికీ రాసిస్తున్న మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో పుట్టిన మందు. నాన్నకి ఈ సంగతి చెప్పాక ఆయన కాసేపు ఆలోచిస్తారు. పెళ్ళికీ పిల్లలకీ ఈ చదువు అడ్డం కాదని అమ్మకి చెప్పు. ల్యాబ్ సంవత్సరాల్లో బిడ్డని కన్నవాళ్ళు నా స్నేహితురాళ్ళలోనే ఉన్నారు. ఎన్‌ఐహెచ్ స్టైపెండ్ మీద ఉన్నవాళ్ళకి ఏడాదికి 60 రోజుల దాకా జీతంతో ప్రసూతి సెలవు ఉంది, కొన్ని స్కూళ్ళు ఇంకా ఎక్కువిస్తాయి. ఇంటర్వ్యూలో ఇది అడగబుద్ధి కాకపోతే, సీటు వచ్చాక అడుగు. అప్పుడు ఎంపిక చేసుకునేది నువ్వు.

ఇంటర్వ్యూ సాధారణంగా ఒకటి రెండు రోజులు. నీ రంగం ప్రొఫెసర్లూ, దానితో సంబంధమే లేనివాళ్ళూ వరసగా మాట్లాడతారు. నీ పని గురించి ఒక నిమిషంలో, ఐదు నిమిషాల్లో, ఇరవై నిమిషాల్లో మూడు రకాలుగా చెప్పడం ముందే సాధన చెయ్యి. ఒక నిమిషం మాట అమ్మమ్మకి చెప్పి చూడు, తెలుగులో. ఆవిడకి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది.

ఏటా సుమారు రెండు వేలమంది పెడితే ఏడు వందల మంది దాకా చేరతారు. కాబట్టి రాకపోవచ్చు. రాకపోతే ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. ఎండీ-పీహెచ్‌డీకి కాదన్నా ఎండీకి చూస్తామనే స్కూళ్ళు ఉన్నాయి, దరఖాస్తులో ఆ గడిలో టిక్కు పెట్టాలో వద్దో ముందే తేల్చుకో. ఎండీ చదువుతూ మధ్యలో పరిశోధనలోకి వెళ్ళినవాళ్ళున్నారు, పీహెచ్‌డీ ముందు చేసి తర్వాత డాక్టరైనవాళ్ళున్నారు. సంగీతా భాటియా పేరు విన్నావా? బ్రౌన్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివింది. హెచ్‌ఎస్‌టీ ఎండీ-పీహెచ్‌డీకి పెడితే మొదటిసారి రాలేదు. ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో చేరింది. తర్వాత అదే ప్రోగ్రాములో సీటు సంపాదించి, 1997లో పీహెచ్‌డీ, 1999లో ఎండీ పూర్తిచేసింది. కంప్యూటరు చిప్పులు చెక్కే పద్ధతినే తీసుకుని గాజు మీద కాలేయ కణాల్ని వరసగా అమర్చి, పక్కన తోడు కణాలు పెట్టి, ఒంటి బయట కూడా అవి వారాల తరబడి కాలేయంలా పనిచేసేలా చేసింది. మందు మనిషికి ఇవ్వకముందే కాలేయానికి హానో కాదో చూడటానికి అది పనికొస్తోంది.

అందుకని మొదటిసారి కాదంటే ఒక వారం ఏడువు, నేనేం అనను. తర్వాత ప్రోగ్రాముకి ఉత్తరం రాసి ఏది తక్కువైందో అడుగు, కొందరు నిజంగానే చెబుతారు. ల్యాబ్‌లో పని మానకు, క్లినిక్‌కి వెళ్ళే పూట మానకు. వ్యాసం మాత్రం పాతదే దిద్దకుండా కొత్తగా రాయి, ఈ ఏడాదిలో నీ ప్రశ్న కూడా ముందుకు కదిలి ఉంటుంది కదా. మళ్ళీ మే నెలలో తెరుస్తారు.